మనం నమ్మేది లాజిక్ చూసా, మనిషిని చూసా?

కొత్తపేట కుర్రాడు:

అందరికీ నమస్కారం అండి. చాన్నాళ్లుగా ఒకటి బుర్రలో తిరుగుతోంది, ఇక్కడ పెద్దవాళ్లూ చదువుకున్నవాళ్లూ ఉన్నారు కదా అని అడుగుతున్నా. మనం ఏదైనా నమ్మేటప్పుడు నిజంగా రెండు వైపులా ఆలోచించి నమ్ముతామా, లేకపోతే ముందు మనసుకి నచ్చేసి తర్వాత దానికి కారణాలు వెతుక్కుంటామా?

ఎందుకు అడుగుతున్నానంటే మా నాన్నగారు హైస్కూల్లో లెక్కల మేస్టారు, ఈమధ్యే రిటైరయ్యారు. జామెట్రీలో ఒక్క స్టెప్పు ఎగ్గొట్టినా మార్కులు కోసేసేవారు, "ఎలా వచ్చిందో రాయకుండా ఆన్సర్ రాస్తే అది ఆన్సర్ కాదురా" అనేవారు. ఇప్పుడు ఇల్లు కట్టుకుంటున్నాం. వాస్తు తెలిసిన పెద్దాయన ఒకరు వచ్చి ఈశాన్యంలో బరువు ఉండకూడదండీ మెట్లు తీసేయండి అంటే ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా కాంక్రీటు పోసిన మెట్లు కొట్టించేశారు. ఎందుకు నాన్నా అంటే "ఆయన పైసా కూడా తీసుకోలేదు, మన మంచి కోరే చెప్తాడు కదరా" అన్నారు. అంటే చెప్పిన మాటలో ఏముందో చూడలేదు, చెప్పిన మనిషిని చూశారు.

సరే అది నాన్న సంగతి. నేను దేవుణ్ణి నమ్మను, ఇంటర్ నుంచీ అంతే. ఏ వాదన తూచి చూసి మానేశానా అని గుర్తు తెచ్చుకుందామంటే ఏమీ రాలేదండి, గుర్తొచ్చింది మా ఫిజిక్స్ లెక్చరర్ గారు. ఆయన మాట్లాడే తీరు, ఎవరికీ భయపడకపోవడం, ఫీజు కట్టలేని పిల్లలకి తన జీతంలోంచి కట్టడం, ఇవన్నీ చూసి ఈయనలా ఉండాలి అనిపించింది. ఆయన దేవుడు లేడన్నారు, నేనూ లేడన్నాను. పుస్తకాలు వాదనలు అన్నీ తర్వాత చదివినవే. ఇప్పటికీ నేను నమ్మేది అదే, దాంట్లో మార్పు లేదు. కానీ నాన్న వెళ్లిన దారీ నేను వెళ్లిన దారీ ఒకటే అయినప్పుడు ఆయనది మూఢనమ్మకం నాది ఆలోచన అని ఎలా అనగలను? మీరేం అంటారో చెప్పండి, సీరియస్‌గానే అడుగుతున్నా.

సార్వా దాళ్వా (పెనుగొండ):

బాబూ మంచి ప్రశ్న అడిగావు. నేను వ్యవసాయం చేసేవాణ్ణి, నాకు బాగా తెలిసింది విత్తనం గురించి కాబట్టి దాని మీదే చెప్తా. మార్టేరు వరి పరిశోధనా స్థానం మాకు దగ్గరే, 1925 నుంచి ఉంది. 1982లో అక్కణ్ణించి స్వర్ణ అనే వరి రకం వచ్చింది, మేం 7029 అంటాం. మా నాన్నగారు చెప్పేవారు, ఆఫీసర్లు మీటింగు పెట్టి దిగుబడి లెక్కలన్నీ చెప్పినా ఊళ్లో వెంటనే ఎవరూ కదల్లేదంట, అందరూ ఒకే ఒక్క రైతు ఏం చేస్తాడా అని చూశారంట, ఎందుకంటే ఆయన దుబారా మనిషి కాదు, అబద్ధం చెప్పడు, ఆయన చేలో వేశాడంటే ఏదో చూసే వేశాడు అని. ఆయన ఒక అరెకరంలో వేశాడు, పక్కనే పాత రకం ఉంది. ఊడ్పుల నుంచి కోతల దాకా ఆ గట్టు మీద నడవని మనిషి లేడంట, పిలకలు ఎన్ని వేసింది, గాలికి పడిపోయిందా లేదా, ఎకరానికి ఎన్ని బస్తాలు దిగింది అన్నీ కళ్లతో చూశారు. తర్వాతి సార్వాకి, అంటే వానాకాలం పంటకి, విత్తనం కోసం ఆయన ఇంటి ముందు బళ్లు ఆగాయంట.

ఇందులో ముందు చూసింది మనిషినే, నేను కాదనను. కానీ ఆ చేలో గింజ తాలు పోయి ఉంటే ఆయన ఎంత పెద్దమనిషి అయినా రెండో ఏడు ఆ విత్తనం ఎవరూ ముట్టుకోరు. స్వర్ణ ఇంచుమించు 150 రోజుల పంట, అంటే నమ్మింది నిజమో కాదో అయిదు నెలల్లో తేలిపోతుంది, తేలేది కూడా మన గాదెలోనే. మీ నాన్నగారి మెట్లకి అలా కోత అంటూ ఒకటి వస్తుందా? ఇంట్లో మంచి జరిగితే మెట్లు తీసినందుకు అంటారు, చెడు జరిగితే ఇంకేదో దిక్కు చూపిస్తారు. జవాబు రాని చోట ఇక మిగిలేది చెప్పిన మనిషే కదా బాబూ. మీ దేవుడి సంగతి కూడా అంతే, ఉన్నాడన్నా లేడన్నా బస్తాల్లో తేలేది కాదు, అందుకే అక్కడ మీ లెక్చరర్ గారు అంత పెద్దగా కనపడ్డారు.

గోదావరి గట్టు మేస్టారు (రాజమండ్రి):

నాయనా, రైతుగారు చెప్పింది నాకు చాలా నచ్చింది, ఇంకో వైపు నుంచి కొంచెం చెప్తాను, పెద్దదైతే ఓపిగ్గా చదువు.

మా ఊళ్లో వీరేశలింగం పంతులుగారు 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం జరిపించారు. దానికి రెండేళ్ల ముందు నుంచే ఉపన్యాసాలు ఇచ్చారు, అవతలి వాళ్లు శాస్త్రం ఒప్పుకోదు అంటారని తెలిసి ఆ శాస్త్రాల్లోంచే ప్రమాణాలు తీసి చూపించారు, పండితులు ఖండించారు, ఈయన తిరిగి సమాధానాలు ఇచ్చారు. తర్కం ఎంత కావాలో అంతా జరిగింది. మరి వాదన విన్నవాళ్లంతా పెళ్లికి వచ్చి పంక్తిలో కూర్చున్నారా? వెలి వేస్తారన్న భయం. వంటవాళ్లు రాలేదు, నీళ్లు తెచ్చేవాళ్లు రాలేదు, ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారే గోదావరి నుంచి నీళ్లు మోసి వండి వడ్డించారు. కాకినాడ పైడా రామకృష్ణయ్యగారు డబ్బు పెట్టారు, ఆత్మూరి లక్ష్మీనరసింహంగారు పక్కన నిలబడ్డారు, విద్యార్థులు కాపలా కాశారు. చూస్తూ చూస్తూ జనం మారింది ఆ శ్లోకాలకి కాదు నాయనా, ఇంత కష్టం వచ్చినా వెనక్కి తగ్గని ఆ నలుగురినీ చూసి. కానీ శ్లోకాలు లేకపోతే ఆ నలుగురు అంత ధైర్యంగా నిలబడేవారా అంటే అదీ చెప్పలేను. నా మట్టుకు నాకు రాజ్యలక్ష్మమ్మగారి బిందె ఒక్కటే పది వాదనల పెట్టు.

ఇక నీ అసలు ప్రశ్న. మనిషిని చూసి నమ్మితే అది లాజిక్ కాదు అని నువ్వు ముందే అనేసుకున్నావు. మన న్యాయశాస్త్రం, అంటే పాత తర్కశాస్త్రం, అలా అనలేదు. ప్రత్యక్షం (కళ్లతో చూడటం), అనుమానం (గుర్తుని బట్టి ఊహించడం), ఉపమానం (పోలిక), శబ్దం అని తెలుసుకోడానికి నాలుగు ప్రమాణాలు, ఆ నాలుగోది నమ్మదగిన మనిషి చెప్పిన మాట. అది లేకపోతే నువ్వు పుట్టిన తారీఖు కూడా నీకు తెలీదు. అయితే ఊరికే వదిలెయ్యకుండా దానికి పరీక్ష కూడా పెట్టారు. న్యాయసూత్రాలకి వాత్స్యాయనుడు రాసిన భాష్యంలో (వివరణలో) ఉంటుంది, ఆ మనిషి ఆ విషయాన్ని తను స్వయంగా ఎరిగి ఉండాలి, ఎరిగింది ఎరిగినట్టు చెప్పాలన్న కోరిక ఉండాలి. ఈ లక్షణం ఋషికైనా ఆర్యుడికైనా మ్లేచ్ఛుడికైనా (పరాయివాడికైనా) ఒకటే అని కూడా అన్నాడు, ఆ కాలంలో ఆ మాట అనడం చిన్న విషయం కాదు. మన డెల్టా వాళ్లు అది చేసి చూపించారు కూడా. కాటన్ దొర మతం వేరు దేశం వేరు, అయినా 1847లో ధవళేశ్వరంలో ఆనకట్ట మొదలెట్టి 1852కి నీళ్లు నిలబెట్టాడు కాబట్టి ఆయన్ని భగీరథుడితో పోల్చి సంస్కృతంలో శ్లోకం చదువుకుంటారు, ఊరూరా విగ్రహాలు పెట్టుకున్నారు.

ఇప్పుడు ఆ పరీక్ష మీ ఇద్దరికీ పెట్టి చూడు. వాస్తు పెద్దాయన డబ్బు తీసుకోలేదు, మీ మంచి కోరాడు, అంటే రెండోది ఉంది. మొదటిది? ఈశాన్యంలో బరువున్న ఇళ్లనీ లేని ఇళ్లనీ ఆయన వరసపెట్టి చూసి తెలుసుకున్నాడా, లేక ఆయనకీ ఎవరో చెప్పారా? మీ లెక్చరర్ గారికీ అదే ప్రశ్న. పిల్లల ఫీజులు కట్టడం గొప్ప గుణం, నాకు చదువుతుంటేనే దణ్ణం పెట్టాలనిపించింది, కానీ దేవుడు ఉన్నాడా లేడా అన్నదాన్ని ఆ గుణం తేల్చదు కదా. మంచితనం చూసి మనసు ఇవ్వచ్చు నాయనా, ఎరుక చూసి నమ్మాలి.

వనామీ (ఉండి దగ్గర):

మేస్టారూ మీరు చెప్పింది బాగుంది. సార్వా దాళ్వా బాబాయ్‌గారితో మాత్రం నేను పూర్తిగా ఒప్పుకోలేను. పంట జవాబు చెప్తుంది అన్నారు కదా, మా రొయ్యల చెరువుల్లో నాలుగేసి నెలలకి పంట తీస్తాం, మరి మాకు ఈపాటికి అన్నీ తెలిసిపోయి ఉండాలి కదండీ. అలా ఏం లేదు. మేతలో కలిపేది ఒకటి, నీళ్లలో చల్లేది ఒకటి, మినరల్స్ అని, ప్రోబయోటిక్ అని, గట్ ప్రొటెక్టర్ అని షాపతను ఏది ఇస్తే అది వేస్తాం. కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు తూగాయన్న లెక్క) బాగా వచ్చిందనుకోండి ఆ మందు అదిరింది అంటాం. రొయ్య తేలిపోయిందనుకోండి సీడ్ (రొయ్య పిల్ల) బాలేదు, మబ్బు పట్టి ఆక్సిజన్ పడిపోయింది, పక్క చెరువు వాడు వైట్ స్పాట్ రోగం ఉన్న నీళ్లు కాలవలోకి వదిలేశాడు, ఇలా వంద చెప్తాం, మందు పని చెయ్యలేదని మాత్రం ఎవరూ అనరు. నెగ్గినప్పుడు పేరు దానికి, ఓడినప్పుడు నింద వేరేవాటికి. అయిదు నెలలు కాదు అయిదేళ్లు చూసినా ఇలాగైతే ఏం తేలుతుంది?

మరి ఎందుకు వేస్తున్నాం అంటే నిజం చెప్తున్నా, షాపతను అప్పు ఇస్తాడు, పంట పోయినప్పుడు ఇంటికొచ్చి కూర్చుంటాడు, పిల్ల పెళ్లికి ముందు వచ్చి చివర వెళ్తాడు. అలాంటి మనిషి ఇది వెయ్యన్నా అంటే వద్దని ఎలా అంటాం. ఇందులో అతను మోసం చేస్తున్నాడని నేను అనట్లేదు, అతనూ నమ్మే అమ్ముతున్నాడు. మీ స్వర్ణ కథలో అసలు గుట్టు అంతా కొత్త రకం పక్కనే పాత రకం ఉండటంలో ఉంది బాబాయ్‌గారూ. ఒకే నేల ఒకే నీళ్లు, తేడా ఒక్కటే. మాకు అలా పక్కన పెట్టి చూసుకునేది లేదు. మందు వెయ్యకుండా ఒక చెరువు వదిలేద్దాం అంటే లక్షల మీద పని, ఎవరు ముందుకొస్తారు?

కొత్తపేట కుర్రాడు:

మేస్టారూ మీ పరీక్ష నాన్న దగ్గర పెట్టానండి, గొడవలా కాకుండా మామూలుగానే, ఆ పెద్దాయనకి ఆ సంగతి ఎలా తెలిసిందంటావు నాన్నా అని. కాసేపు ఆలోచించి "నాకు తెలీదు, అడగలేదు" అన్నారు, అంతవరకూ బాగానే ఉంది. తర్వాత "ఏం కనపడితే నేను వాస్తు వదిలేస్తానో చెప్తా, ముందు నువ్వు చెప్పు, ఏం కనపడితే దేవుడున్నాడని ఒప్పుకుంటావు?" అని తిరిగి అడిగారు. లెక్కల మేస్టారు కదా. నాకు వెంటనే ఏమీ తోచలేదు. మీలో ఎవరికైనా దీనికి తిన్నగా జవాబు ఉందా? మనం బాగా ఇష్టపడి నమ్మేదాన్ని ఏం జరిగితే వదిలేస్తామో ముందే చెప్పగలమా?

ఏఎన్ఎం అక్క (ముమ్మిడివరం మండలం):

మీ అందరి మాటలూ చదివాను. అందరూ నమ్మేవాళ్ల గురించే మాట్లాడుతున్నారు, ఆ నమ్మకం ఎవరి ఒంటి మీద పడుతుందో ఒకసారి చెప్పాలనిపించింది.

నేను ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్తని, గ్రహణం వచ్చిందంటే నాకు రెండు రోజుల ముందు నుంచే బెంగ. కడుపుతో ఉన్న పిల్లని చీకటి గదిలో పడుకోబెట్టి కదలకూడదు, కూర తరగకూడదు, తినకూడదు, కొన్ని ఇళ్లలో మంచినీళ్లు కూడా ఇవ్వరు. పిల్లకి గ్రహణం మొర్రి వస్తుందని భయం. గ్రహణానికీ మొర్రికీ సంబంధం లేదమ్మా, కడుపులో బిడ్డ పెదవి మొదటి మూడు నెలల్లోపే తయారైపోతుంది, ఈ పిల్లకి ఏడో నెల కదా అని చెప్తే అత్తగారు తల ఊపుతుంది, నేను వీధి మలుపు తిరగ్గానే తలుపు వేసేస్తుంది. ఆవిడకి లాజిక్ అర్థం కాక కాదు, చక్కగా అర్థమవుతుంది. నా మాట విని ఏదైనా జరిగితే జీవితాంతం ఆవిడని అంటారు, గదిలో పెట్టి ఏదైనా జరిగితే ఆవిడని ఎవరూ అనరు, అదీ ఆవిడ లెక్క. ఇక్కడ నమ్మేది అత్తగారు, దాహం భరించేది కోడలు.

కాకినాడ పి.ఆర్. కాలేజీలో పాఠాలు చెప్పిన నాస్తికవాది గోరాగారి భార్య సరస్వతిగారు ఎప్పుడో ఆ రోజుల్లోనే కడుపుతో ఉండి గ్రహణం రోజు మామూలుగా తిరిగి పనులు చేసుకున్నారు. ఆవిడంటే నాకు చాలా గౌరవం. నేను ఆ సంగతి చెప్తే మా వాళ్లు "వాళ్లకి చెల్లింది" అంటారు, ఎందుకంటే ఆవిడ వీళ్ల వీధి మనిషి కాదు. అందుకని నేను చేసేది ఏంటంటే అదే వీధిలో గ్రహణం రోజు మామూలుగా ఉండి బిడ్డని కన్న తల్లిని, వీలైతే ఆవిడ అత్తగారిని కూడా, వెంటబెట్టుకుని వెళ్తాను. అత్తగారి మాట అత్తగారు వింటుంది. కరోనా టీకాలప్పుడు కూడా అంతే, మేం మైకులో అరిచిన రోజున పదిమంది రాలేదు, ఊళ్లో ఆర్ఎంపీ డాక్టర్ గారు తనే ముందు కూర్చుని వేయించుకున్నాక క్యూ కట్టారు.

మనిషిని చూసి నమ్మడం తక్కువ అని నాకు ఎప్పుడూ అనిపించలేదు, పొద్దున్న లేస్తే నేను చేసే ఉద్యోగమే అది. కాకపోతే ఆ పిల్లకి మంచినీళ్లు ఇచ్చారా లేదా అన్నది మాత్రం నేను వదలను, మీరు ఏదైనా నమ్ముకోండి, నీళ్లు నా ఎదురుగా తాగాలి అంటాను.

కాకినాడ సైకాలజీ:

అక్కా చదువుతుంటే కళ్లు చెమ్మగిల్లాయి, మీలాంటివాళ్లు ఊరికొకరు ఉండాలి. నేను పీజీ చేస్తున్నా, కుర్రాడు అన్న ప్రశ్న మీద మా సబ్జెక్టులో ఉన్నది కొంచెం చెప్తా.

1960లో లండన్‌లో పీటర్ వాసన్ అని ఒకాయన 2, 4, 6 అని మూడు అంకెలు ఇచ్చి నేను మనసులో పెట్టుకున్న రూలేంటో కనుక్కోండి, మీరు వేరే అంకెలు చెప్తే రూలుకి సరిపోయిందో లేదో చెప్తాను అన్నాడు. చాలామంది రెండేసి పెరుగుతున్నాయి అనుకుని 8, 10, 12 అనో 20, 22, 24 అనో అడిగారు, అవునన్నాడు, ఇంకేముంది దొరికేసింది అనుకున్నారు. అసలు రూలు పెరుగుతూ పోవడం అంతే, 1, 7, 50 అన్నా సరిపోయేది. తమ ఊహ తప్పయ్యే అంకెలు అడిగి చూద్దామని చాలామందికి తోచలేదు. అక్కడ అంకెల మీద ఎవరికీ ప్రేమ లేదు, ద్వేషం లేదు, అయినా అలా జరిగింది, మరి దేవుడు, వాస్తు, కులం, పార్టీ అయితే ఇంకెంత ఉంటుందో చూసుకోండి.

ఇంకోటి 1954లో అమెరికాలో జరిగింది. డిసెంబరు 21న వరద వచ్చి అంతా మునిగిపోతుంది, మనల్ని మాత్రం వేరే లోకం వాళ్లు వచ్చి తీసుకెళ్తారు అని ఒకావిడ చెప్తే కొందరు ఉద్యోగాలు కూడా మానుకుని ఆవిడ ఇంట్లో కూర్చున్నారు. లియోన్ ఫెస్టింజర్ అనే ఆయన టీమ్ వాళ్లలో కలిసిపోయి లోపలినుంచి చూసింది. వరద రాలేదు. మనం రాత్రంతా కూర్చుని పంచిన వెలుగు వల్లే దేవుడు లోకాన్ని కాపాడాడు అని ఆవిడ చెప్పింది, అంతకుముందు విలేకరులని దగ్గరికి రానివ్వనివాళ్లు ఆ తెల్లవారి నుంచి తామే ఫోన్లు చేసి ప్రచారం మొదలెట్టారు. వనామీ గారి మందు కథ ఇదే, కాకపోతే మీది ఏడాదికి రెండుసార్లు జరుగుతోంది.

అయితే నాకు ధైర్యం ఇచ్చేది కూడా ఒకటుంది. 2011లో మెర్సియే, స్పెర్బర్ అని ఇద్దరు ఏమన్నారంటే, మనిషికి తర్కం ఒంటరిగా కూర్చుని నిజం కనుక్కోవడానికి కాదు, ఎదుటివాడితో వాదించడానికి వచ్చింది, అందుకే మన వాదనలో బొక్కలు మనకి కనపడవు, ఎదుటివాడివి ఇట్టే కనపడతాయి, అందుకే ఒక్కడు చెయ్యలేని లాజిక్ లెక్క నలుగురు కలిసి మాట్లాడుకుంటే చేసేస్తారు అని. కాబట్టి తమ్ముడూ నీ ప్రశ్నకి నా జవాబు, నచ్చి నమ్మావా ఆలోచించి నమ్మావా అన్నదాని మీద మరీ కొట్టుకోకు, దాదాపు అందరం నచ్చే మొదలెడతాం. నీకు నచ్చనివాడు ఒకడు నిన్ను అడిగేటట్టు ఉండాలి. నీకు మీ నాన్నగారు ఉన్నారు, ఆయనకి నువ్వు ఉన్నావు.

సార్వా దాళ్వా (పెనుగొండ):

వనామీ తమ్ముడూ నువ్వు చెప్పింది నిజం, పక్కన పాత రకం లేకపోతే స్వర్ణ గొప్ప కూడా తేలేది కాదు, ఆ ఏడు వానలు బాగున్నాయి అనేవారు. అక్క చెప్పింది చదివాక ఇంకోటి గుర్తొచ్చింది. ముంపుకి తట్టుకునే గుణం ఒడిశా పాత రకం ఒకదాంట్లో ఉందని తెలిశాక శాస్త్రవేత్తలు దాన్ని తీసుకెళ్లి ఏదో కొత్త పేరుతో కొత్త రకంలో పెట్టలేదు, రైతులు అప్పటికే ఇష్టపడుతున్న స్వర్ణలోనే పెట్టారు. 2009లో స్వర్ణ సబ్-1 అని వచ్చింది, రెండు వారాల దాకా నీళ్లలో ఉన్నా తేరుకుంటుంది. మాకు నచ్చినదాంట్లో పెట్టి ఇచ్చారు కాబట్టి చూడకుండా తోసెయ్యలేదు, చూశాం కాబట్టి తేలింది.

నీ చెరువుల సంగతికి ఒక మాట. ఒక్కడే ఒక చెరువు వదలాలంటే భయమే. ఒకే కాలవ మీద ఉన్నవాళ్లు నలుగురైదుగురు కలవండి, ఒకే హేచరీ నుంచి ఒకే రోజు సీడ్ తెచ్చుకోండి, ఒక్కొక్కరు ఒక్కో చెరువుకి ఆ ఒక్క మందు మానెయ్యండి, మేత ఏరియేటర్లు మిగతావన్నీ మామూలే. వదిలిన చెరువుల్లో నష్టం వస్తే అందరూ పంచుకుంటామని ముందే కాగితం రాసుకోండి. షాపతనికి కూడా చెప్పే చెయ్యండి, దాచి చేస్తే మనిషి దూరమవుతాడు.

వనామీ (ఉండి దగ్గర):

బాబాయ్‌గారూ మీరు చెప్పినట్టే మా కాలవ మీద వాళ్లని అడిగాను. ఇద్దరు సరే అన్నారు, ఒకాయన మాత్రం ఆ చివరి చెరువుకి మానేద్దాం అది ఎలాగూ అంత బాగుండదు కదా అన్నాడు. అలా అయితే మళ్లీ మందుకే పేరు వస్తుంది కదండీ, బాగున్న చెరువులన్నీ దానికి ఇచ్చేసినట్టే. కాసేపు వాదన అయ్యాక ఏ చెరువుకి మానాలో చీటీలు వేసి తీద్దాం అనుకున్నాం. షాపతనికి కూడా చెప్పా, మొదట మొహం చిన్నబుచ్చుకున్నాడు, తర్వాత "చీటీలు నేనే తీస్తా అన్నా" అన్నాడు. అతనే తీస్తే మంచిదా వేరేవాళ్ల చేత తీయించాలా, కాకినాడ తమ్ముడు గానీ ఇంకెవరైనా గానీ చెప్పండి, సీడ్ ఈ నెలాఖరుకి దింపుతాం.